సైటు మీ ల్యాప్‌టాప్ కోసం ఆగకూడదు: హ్యూగో, గిట్‌హబ్ యాక్షన్స్ అమరిక

విశాఖ కొండల్లో ఆదివారం నడకలు నిర్వహించే మా బృందానికి చిన్న సైటు ఉంది. ఈ వారం కంబాలకొండా, తొట్లకొండా, ఎన్నింటికి బయలుదేరాలి, పోయిన వారం ఏ పిట్టలు కనిపించాయి, అందులో ఉండేవి ఇవే. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు. మనం రాసినదాన్ని హ్యూగో హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మారుస్తుంది. ఆ మార్చే పని ఏ ఒక్కరి ల్యాప్‌టాప్‌లోనూ జరగకూడదని మొదటి నుంచీ నా పట్టుదల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. మళ్లీ అలాంటి వారం వస్తే, నడక రద్దయిందన్న ఒక్క వాక్యాన్ని హైదరాబాదులో ఉన్న సభ్యురాలు తన ఫోనులోంచే ఎక్కించగలగాలి.

సైటు ఫైళ్లన్నీ గిట్‌హబ్ అనే ఆన్‌లైన్ సేవలో మన రిపాజిటరీలో (ఫైళ్లనూ వాటి మార్పులనూ దాచే చోట) ఉన్నాయనుకుందాం. హ్యూగో తయారుచేసే పబ్లిక్ ఫోల్డరును మాత్రం అందులో పెట్టకండి. రిపాజిటరీ సెట్టింగ్స్‌లో పేజెస్ విభాగం తెరిచి, సోర్స్ దగ్గర గిట్‌హబ్ యాక్షన్స్ ఎంచుకోండి. మనం చెప్పిన పనులను గిట్‌హబ్ యంత్రాల మీదే నడిపే సదుపాయం ఇది. హ్యూగో కోసం సిద్ధంగా ఉన్న వర్క్‌ఫ్లో (ఏ పనులు ఎప్పుడు, ఏ వరుసలో జరగాలో చెప్పే ఫైలు) నమూనా అక్కడే దొరుకుతుంది. దాన్ని కమిట్ చేస్తే, అంటే రిపాజిటరీలో భద్రపరిస్తే, ప్రధాన బ్రాంచ్‌లోకి (ఫైళ్ల అసలు ప్రతిలోకి) మార్పు వచ్చిన ప్రతిసారీ సైటు దానంతటదే తయారై ప్రచురితమవుతుంది.

నమూనాలో రెండు చోట్ల చెయ్యి పెట్టాలి. మొదటిది హ్యూగో వెర్షన్: మీ కంప్యూటర్‌లో ఉన్నదే అక్కడా రాయండి. రెండోది బిల్డ్ ఆదేశం, అంటే పేజీలు తయారుచేయమని హ్యూగోకు చెప్పే వరుస. థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించే ఫైళ్లు) అందకపోయినా హ్యూగో ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది, పైకి పచ్చ టిక్కు కనిపిస్తుంది, సైటు మాత్రం ఖాళీ. అందుకని ఆ ఆదేశానికి ‘ప్యానిక్ ఆన్ వార్నింగ్’ ఎంపికను జోడించండి. హెచ్చరిక వస్తే పని అక్కడే ఆగిపోతుంది, పాత సైటు చెక్కుచెదరదు. థీమును సబ్‌మాడ్యూల్‌గా (మన రిపాజిటరీకి జతచేసిన వేరే రిపాజిటరీగా) పెట్టుకున్నవారు, ఫైళ్లను గిట్‌హబ్ యంత్రంలోకి తెచ్చే చెక్‌అవుట్ దశలోని ‘రికర్సివ్’ అన్న వరుసను తొలగించకూడదు.

ఫొటోల పేర్ల విషయంలో జాగ్రత్త. కెమెరా చాలాసార్లు పేరు చివర జేపీజీ అని పెద్ద అక్షరాల్లో పెడుతుంది, మనం పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తాం. విండోస్ రెండూ ఒకటే అనుకుంటుంది, లైనక్స్ అనుకోదు. ఇంట్లో చక్కగా కనిపించిన పాలపిట్ట సైటులో మాయమవుతుంది, దీనికి హెచ్చరిక కూడా రాదు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చాకే ఎక్కించండి.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసింది సమయం దగ్గర. గిట్‌హబ్ యంత్రాల గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుంది, మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. టపా (సైటులో పెట్టే పోస్టు) తేదీ దగ్గర ఉదయం 6:00 అని మాత్రమే రాసి టైమ్‌జోన్ చెప్పకపోతే, హ్యూగో దాన్ని యూటీసీగా తీసుకుంటుంది, అంటే మనకు 11:30. భవిష్యత్తు తేదీ ఉన్న టపాలను అది మామూలుగా ప్రచురించదు. ఏడు గంటలకు బిల్డ్ నడిపితే లోపమేమీ చూపదు, టపా మాత్రం కనిపించదు. సైటు కాన్ఫిగ్ (అమరికల) ఫైలులో టైమ్‌జోన్‌ను ఏషియా, కోల్‌కతా అని పెడితే ఈ చిక్కు తీరుతుంది.

సమయం వచ్చినంత మాత్రాన టపా దానంతటదే బయటికి రాదు, అప్పుడు మళ్లీ బిల్డ్ జరగాలి. దానికి వర్క్‌ఫ్లోలో షెడ్యూల్ చేర్చండి. మా నడకల సమాచారం ఆదివారం తెల్లవారుజామున 5:10కి బయటికి రావాలి. అది యూటీసీలో శనివారం రాత్రి 23:40. కాబట్టి క్రాన్ వరుసలో (పని ఎప్పుడెప్పుడు నడవాలో చెప్పే వరుసలో) నిమిషం 40, గంట 23, తర్వాత రెండు నక్షత్రాలు, చివర శనివారాన్ని సూచించే 6 రావాలి. ఆదివారమని సున్నా రాస్తే సోమవారం పొద్దున నడుస్తుంది. టపాలో తేదీ 5:10 కంటే ముందుండాలని వేరే చెప్పనక్కర్లేదు. గంట మొదట్లో రద్దీ ఎక్కువ కాబట్టి సరిగ్గా సున్నా నిమిషాన్ని ఎంచుకోకండి. ఎంచుకున్న నిమిషానికి కూడా కొంత ఆలస్యం కావచ్చు. అందుకే టపా అందాల్సిన వేళకు ఒక గంట ముందుగానే పెట్టుకోవడం మేలు.

పబ్లిక్ రిపాజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ ఈ షెడ్యూల్‌ను నిలిపేస్తుంది. ఎండలకు భయపడి ఏప్రిల్, మే నెలల్లో నడకలు ఆపే మాలాంటివారు జూన్‌లో యాక్షన్స్ ట్యాబ్ తెరిచి, ఆ వర్క్‌ఫ్లో పేజీలో ఎనేబుల్ బటన్ నొక్కి, ఒకసారి చేత్తో నడిపి చూసుకోవాలి.