మండుటెండల్లో అలర్జీ టీకా – నాలుగో పాఠం: ఐస్ అంతా ఒకటి కాదు

అలర్జీ టీకా అంటే రోగికి పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ సూదిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే మందు. పోయిన పాఠంలో ‘ఆ మందు సీసా 8 డిగ్రీలు దాటకూడదు’ అని మూడుసార్లు రాశాను. ‘2 డిగ్రీల కంటే తగ్గకూడదు’ అని ఒక్కసారే రాశాను. ఆ తేడా ఎంత పని చేసిందో ఈ పదిహేను రోజుల్లో వచ్చిన ఫోన్లు చెప్పాయి. గోదావరిఖని నుంచి ఒక నర్సు అడిగింది: “మేడం, సీసా చుట్టూ ఐస్ నింపి హనుమకొండ నుంచి బస్సులో తెచ్చాను. తీసి చూస్తే మందు గడ్డకట్టి ఉంది. అరచేతిలో పట్టుకుంటే కరిగింది, మళ్లీ తేటగానే ఉంది. వాడవచ్చా?”

వాడకూడదమ్మా. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట గురించే. రోగి వేచి ఉండే గది, రికార్డు పుస్తకం గురించి రాద్దామనుకున్నాను. అవి వచ్చేసారికి.

మందు గడ్డకట్టేటప్పుడు ముందుగా నీరు మంచుగా మారుతుంది. పుప్పొడి నుంచో, ఇంటి దుమ్ములోని పురుగు నుంచో తీసిన ప్రోటీను, ఉప్పు మిగిలిన కాస్త ద్రవంలోకి తోసుకుపోతాయి. అక్కడ ప్రోటీను రూపు చెడి ఒకదానికొకటి అంటుకుంటుంది. కరిగిన తరువాత అది మళ్లీ పాత రూపానికి వస్తుందన్న నమ్మకం లేదు. అయినా ద్రవం తేటగానే ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ తెలియదు. అల్యూమినియం లవణానికి పట్టించిన టీకా అయితే గడ్డకట్టి కరిగాక రేకుల్లా విడిపోయి, కుదిపి నిలబెడితే తొందరగా అడుగుకు దిగుతుంది. ధనుర్వాతం టీకాకు చేసే కుదుపు పరీక్ష మీకు తెలిసే ఉంటుంది, దాని మూలం ఇదే. తేటగా ఉండే అలర్జీ టీకాకు అలాంటి పరీక్ష ఏదీ లేదు. పోలియో చుక్కల సీసా మీద రంగు మారే చిన్న చదరం ఉంటుంది, మన సీసా మీద అదీ లేదు. పైగా ఆ చదరం చెప్పేది వేడి సంగతే, గడ్డకట్టిన సంగతి అదీ చెప్పదు.

“బలం కాస్త తగ్గితే తగ్గింది, ప్రమాదమేముంది?” అని ఇంకొకరు అడిగారు. ప్రమాదం ఆ సీసాతో రాదు, దాని తరువాతి సీసాతో వస్తుంది. చెడిపోయిన సీసాతో వారం వారం మోతాదు పెంచుకుంటూ పోతారు. రోగికి ఏమీ కాదు, అంతా బాగుందనుకుంటారు. నెల తరువాత కొత్త సీసా తెరిచి, పుస్తకంలో రాసి ఉన్న అదే మోతాదు ఇస్తారు. ఇది పూర్తి బలంతో ఉంటుంది. ఒంటి మీద దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, రక్తపోటు పడిపోవడం అప్పుడు మొదలవుతాయి. కొత్త సీసా మొదలుపెట్టినప్పుడు డాక్టరు మోతాదు తగ్గించి రాసేది ఈ తేడాకు భయపడే. ఎండలో ఉడికిన సీసాకూ ఇదే లెక్క.

ఇక అసలు సంగతి. ఐస్ అంటే సున్నా డిగ్రీలని చాలామంది మనసులో స్థిరపడిపోయింది. కరుగుతున్న ఐస్ మాత్రమే సున్నా డిగ్రీలు. డీప్ ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐస్ ప్యాక్ మైనస్ 20 దగ్గర ఉంటుంది. పట్టుకుంటే వేలికి అతుక్కుంటుంది, పైన పొడిగా తెల్లని నూగు కనిపిస్తుంది. దాని పక్కన పలచన చేసిన టీకా పెడితే గడ్డకట్టకుండా ఎలా ఉంటుంది? ఆ ద్రవం సున్నాకు కొంచెం కిందనే గడ్డకడుతుంది. అదే ప్యాకును బల్ల మీద వదిలేస్తే నూగు పోయి చెమట పడుతుంది. చెవి దగ్గర పెట్టి కుదిపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నాకే ప్యాకును డబ్బాలో పెట్టాలి. గడియారం చూసి పెట్టకండి. మే నెలలో రామగుండంలో తొందరగా కరుగుతుంది, జనవరి పొద్దున ఆదిలాబాద్‌లో చాలాసేపు పడుతుంది. గడియారానికి ఆ తేడా తెలియదు, మీ చెవికి తెలుస్తుంది.

ఈ పొరపాటుకు ఎన్ని రూపాలుంటాయో ఈసారే తెలిసింది. కరెంటు పోయి వచ్చాక తొందరగా చల్లబడాలని ఒకరు సీసాను ఫ్రీజర్ అరలో పెట్టారు. ఇంకొకరు ఫ్రిజ్‌లో వెనక గోడకు, చల్లగాలి వచ్చే రంధ్రానికి ఎదురుగా ఆనించారు. మరొకరు ఐస్ ఎక్కువసేపు నిలవాలని ఉప్పు చల్లారు. కుల్ఫీ బండివాళ్లు ఐస్‌లో ఉప్పు కలిపేది కుల్ఫీ గట్టిపడాలనే కదా! ఉప్పు కలిసిన ఐస్ సున్నాకు ఎంతో కిందికి దిగుతుంది, కరిగి నీళ్లయినా సరే. మంచి ఉద్దేశంతో చేసిన పని కాబట్టి ఆమెను ఏమీ అనలేకపోయాను. కానీ ఇది చదివేవారు ఎవరూ ఇకమీదట ఉప్పు జోలికి పోవద్దు.

గ్లిజరిన్ సగం కలిసిన చిక్కటి సీసా ఇంటి ఫ్రీజర్‌లో కూడా గట్టిపడదు. అది చూసి మిగతావీ బాగానే ఉన్నాయనుకోకండి. ముందుగా గడ్డకట్టేవి పలచన చేసిన సీసాలు. వేడికి ముందుగా బలం కోల్పోయేవీ అవే. కొత్త రోగికి మొదలుపెట్టేది వాటితోనే.

నా పద్ధతి వేరు. రెండు మూడు గంటల ప్రయాణానికి ఐస్ అసలు వాడను. ప్యాకుల్లో నీళ్లు నింపి, రాత్రంతా ఫ్రిజ్ మధ్య అరలో ఉంచుతాను. పొద్దున వాటినే వ్యాక్సిన్ క్యారియర్‌లో (టీకాలు మోసుకెళ్లే, వేడి చొరబడని డబ్బా) నాలుగు వైపులా పెట్టి, నడుమ సీసాలను, పక్కన థర్మామీటరును ఉంచి మూత బిగిస్తాను. చల్లటి నీళ్లు దేన్నీ గడ్డకట్టించలేవు. దారి ఇంకా ఎక్కువైతే చెమట పట్టిన ఐస్ ప్యాకులే వాడాలి, అప్పుడు వేరే మార్గం లేదు.

మట్టికుండ గురించి భూపాలపల్లి నుంచి ఒకరు అడిగారు. తడి కుండ చల్లబడేది నీరు ఆవిరవడం వల్ల. బయట 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే ఆ చల్లదనం దాదాపు 25 దగ్గర ఆగిపోతుంది. వానాకాలంలో అంత కూడా చల్లబడదు. ఫ్రిజ్ పూర్తిగా పాడైన రోజు కొన్ని గంటలకు కుండ మేలు, నిల్వకు పనికిరాదు. సూదికి బదులు నాలుక కింద పెట్టుకునే అలర్జీ మాత్రలకు ఫ్రిజ్ అక్కరలేదని రాసి ఉంటుంది నిజమే. కానీ ఆ ‘గది ఉష్ణోగ్రత’ 20 నుంచి 25 డిగ్రీలు. లియొనార్డ్ నూన్ అనే ఆంగ్ల వైద్యుడు 1911లో గడ్డి పుప్పొడి సూదుల గురించి లండన్ నుంచి రాశాడు. ఈ వైద్యం చల్లటి దేశాల గదుల్లో పెరిగింది. మే నెలలో మన రేకుల గది ఆ గది కాదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిరప ఘాటుకు తుమ్ములు వస్తున్నాయి, టీకా ఉందా అని అడిగినవారికి: లేదు. అది కారం మంట, అలర్జీ కాదు.

బొగ్గుగని కార్మికులకు సూది ఇచ్చేవారికి ఒక్క మాట. సూది వేశాక అరగంట మీ కళ్ల ముందే కూర్చోబెడతారు, బాగుంది. కానీ ఆ తరువాత షిఫ్టుకు దిగనివ్వకండి. వేడికి, బరువు పనికి రక్తనాళాలు విప్పారి మందు వేగంగా ఒంట్లోకి పోతుంది. భూగర్భంలో ప్రతిచర్య మొదలైతే పైకి చేర్చేసరికే విలువైన నిమిషాలు పోతాయి. సూది వారపు సెలవు రోజునే వేయండి. ప్రతిచర్య వస్తే వెంటనే వేసే అడ్రినలిన్ ఆంపూల్ (చిన్న గాజు గొట్టంలోని మందు) చీకటి పెట్టెలో, చల్లటి గదిలో ఉండాలి, గడ్డకట్టకూడదు. గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగితే పారేయండి. పెద్దవారికి అర మిల్లీగ్రాము, తొడ కండరం బయటి వైపు. ఇది మొదటి పాఠంలోనే చెప్పాను, మరిచి ఉంటారని మళ్లీ రాశాను.

అభ్యాసం. ఈసారి ఒక రోజంతా పడుతుంది. మూడు ఖాళీ సీసాల్లో సెలైన్ నింపండి. ఒకటి ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ప్యాకుకు ఆనించి, ఒకటి చెమట పట్టిన ప్యాకుకు ఆనించి, ఒకటి చల్లటి నీళ్ల ప్యాకుల నడుమ, మూడు వేర్వేరు డబ్బాల్లో పెట్టండి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు అరగంటకోసారి డబ్బాలోని వేడి, బయటి వేడి రాయండి. సీసా గడ్డకట్టిందా లేదా అన్నదీ రాయండి. బస్సులో వెళ్లగలిగితే ఇంకా మంచిది, మూత తెరిచినప్పుడల్లా ఏం జరుగుతుందో తెలుస్తుంది. అంకెలు కలిసి రాకపోయినా దిద్దకుండా నాకు పంపండి. ఆ మూడు సీసాల మీద ఎర్ర సిరాతో పెద్దగా ‘సెలైన్, మందు కాదు’ అని రాయండి. సాయంత్రం అవి ఫ్రిజ్‌లోకి తిరిగి వెళ్లకుండా మీ చేతులతో మీరే పారబోయండి.