మూట్ కోర్టు వాదనకు ఎలా సిద్ధం కావాలి?

మూట్ కోర్టు అంటే న్యాయ విద్యార్థులు ఒక కల్పిత కేసును కోర్టులోలా వాదించే సాధన. న్యాయ విద్యపై బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో దీనికి 30 మార్కులున్నాయి. మూడు మూట్‌లు, ఒక్కోదానికి 10. అందులో 5 రాతకు, 5 మౌఖిక వాదనకు. అయినా చాలామంది విద్యార్థులు వారాల తరబడి మెమోరియల్ (రాతపూర్వక వాదన) రాస్తూ, నోటి వాదనను చివరి రాత్రికి వదిలేస్తారు. ఆ పొరపాటు మీరు చేయకండి.

ఒక సమస్య తీసుకుందాం. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం హాస్టల్ విద్యార్థులందరి ఫోన్లనూ తనిఖీ చేయాలని సర్క్యులర్ ఇచ్చింది. ఒక విద్యార్థిని హైకోర్టులో రిట్ వేసింది. మీరు ఆమె తరఫు న్యాయవాది.

మొదట చట్టం పుస్తకాలు తెరవకుండా సమస్యను రెండు మూడు సార్లు చదవండి. తేదీలను వరుసగా రాసుకోండి. ఫోన్ తెరిచి చూశారా, తీసి దాచారా? ఇచ్చేటప్పుడు ఆమె అభ్యంతరం చెప్పిందా? సమస్యలో లేని వాస్తవాన్ని కల్పించుకోకూడదు.

తరువాత తీర్పులు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అవతలి పక్షం 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పును ఎత్తవచ్చు. గోప్యతకు రాజ్యాంగ రక్షణ లేదన్న మేరకు అది చెల్లదని పుట్టస్వామి తీర్పే చెప్పింది. అందుకే ఏ తీర్పునైనా వాడే ముందు అది ఇంకా నిలిచి ఉందో లేదో చూడాలి. గోప్యతలో జోక్యానికి చట్టం ఆధారం, న్యాయమైన లక్ష్యం, దానికి తగిన పరిమితి ఉండాలి. సర్క్యులర్‌ను చట్టం అనవచ్చా? మీ కేసు బలమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

మెమోరియల్ రెండు పక్షాలకూ రాయండి, కాలేజీ ఒకటే అడిగినా సరే. ప్రత్యర్థి వాదన రాసినవాళ్లకే తమ వాదనలో లోపం కనిపిస్తుంది.

ఇక అసలు సాధన. న్యాయమూర్తి అడగగల కష్టమైన ప్రశ్నలు ఇరవై రాసుకుని, స్నేహితుడిని ధర్మాసనంలో కూర్చోబెట్టండి. ‘హాస్టల్లో మాదకద్రవ్యాలు అమ్ముతున్నారని సమాచారం వచ్చినా తనిఖీ వద్దంటారా?’ అని అతను అడుగుతాడు. ‘ఆ సంగతికి తరువాత వస్తాను’ అనకండి. ముందు సూటిగా జవాబు, ఆ వెంటనే కారణం: ‘వద్దనడం లేదు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా, ఏ అనుమానమూ లేని వాళ్లందరి ఫోన్లూ తెరవడాన్నే వ్యతిరేకిస్తున్నాం.’ న్యాయమూర్తి నోరు తెరవగానే మీ మాట ఆగాలి. చదవని తీర్పు గురించి అడిగితే చదవలేదని చెప్పండి. ఊహించి చెప్పిన ఒక్క జవాబు మీ మీద నమ్మకాన్నంతా పోగొడుతుంది.

సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు 2022 సెప్టెంబరు నుంచి ప్రత్యక్ష ప్రసారంలో వస్తున్నాయి. సీనియర్ న్యాయవాదులు ప్రశ్నను ఎలా అందుకుంటారో గమనిస్తూ వాటిని చూడండి.

చివరి సాధనలో పది నిమిషాల వాదనను సగంలో ఆపేసి ‘మీకు ఒక్క నిమిషమే ఉంది’ అనమని స్నేహితుడికి ముందే చెప్పి ఉంచండి. ఆ నిమిషంలో మీ బలమైన అంశం ఒకటి చెప్పి, సర్క్యులర్ రద్దు కోరుతూ ముగించగలగాలి.