ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మళ్లీ కాలకుండా మార్చడం ఎలా?

సంక్రాంతి తీర్థాలు అయ్యాక కోనసీమలో మైక్ సెట్ల రిపేర్లు మొదలవుతాయి. జగ్గన్నతోట నుంచి వచ్చినా మరో తీర్థం నుంచి వచ్చినా కథ ఒకటే. ఎవరో అప్పటికే విప్పేసి, స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో కాలిన ఒక్కటి మార్చి, నేరుగా కరెంటిచ్చి కొత్తదాన్నీ కాల్చేసి ఉంటారు. దయచేసి అలా చేయకండి.

మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, మైకా షీట్లు (ట్రాన్సిస్టర్‌కీ, వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌కీ మధ్య కరెంటు పోకుండా పెట్టే పలుచని రేకులు), హీట్‌సింక్ పేస్టు, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సీరీస్ బోర్డు (ఆంప్లిఫైయర్‌కి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్లేలా కట్టిన బోర్డు) ఉంటే చాలు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు.

ప్లగ్ తీసేసి, పెద్ద కెపాసిటర్ల మీద 100 ఓంలు, 5 వాట్ల రెసిస్టర్ కాసేపు ఆనించి, చార్జి పోయిందని మీటర్‌తో చూసుకోండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. మీటర్ డయోడ్ మోడ్‌లో, ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య బీప్ వస్తే ట్రాన్సిస్టర్ పోయినట్టే, కానీ పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపినవాటిలో ఒక్కటి షార్టయినా అన్నీ షార్ట్‌లాగే కనిపిస్తాయి కాబట్టి ఊడదీసి ఒక్కోటీ చూడాలి. తెల్లగా ఉండే 0.22 ఓంల ఎమిటర్ రెసిస్టర్లు, అవుట్‌పుట్ వాటిని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు కూడా చూడండి. ఒక్కటి పోయినా ఆ చానల్‌లోని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 మొత్తం మార్చాల్సిందే. నకిలీలు విపరీతంగా ఉన్నాయి, చవగ్గా ఇస్తున్నారంటే అనుమానించండి. బిగించాక కలెక్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య బీప్ రాకూడదు.

బయాస్ ప్రీసెట్ (పాట లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు, అంటే బయాస్, సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్) బాగానే ఉందనిపించినా కొత్తది వేయండి. మన ఉప్పుగాలికి లోపలి లోహపు కాంటాక్ట్ మీద చిలుము పడుతుంది, తిప్పేటప్పుడు ఒక్క క్షణం కాంటాక్ట్ వదిలిందంటే చాలా బోర్డుల్లో కరెంటు ఒక్కసారిగా పైకి పోతుంది. కొన్ని రూపాయల ప్రీసెట్ కోసం వందల రూపాయల ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఇక అందరూ పాడుచేసేది మొదటిసారి కరెంటివ్వడం దగ్గరే. స్పీకర్, ఇన్‌పుట్ వైర్లు రెండూ తీసేయండి. ప్రీసెట్‌ను కనీస బయాస్ వైపు తిప్పండి. అది ఏ వైపో బోర్డును బట్టి మారుతుంది. ఆ కరెంటును అదుపులో ఉంచే బయాస్ ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ల మధ్య రెసిస్టెన్స్ పెరిగే వైపే కనీసం. ఆ బయాస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కి గట్టిగా ఆని ఉందో లేదో చూడండి, వేలాడుతుంటే వేడి దానికి తెలియదు, కరెంటు పెరుగుతూ పోయి అన్నీ కాలతాయి.

ఇప్పుడు సీరీస్ బోర్డు ద్వారా ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. వెలుగు తగ్గకపోతే వెంటనే ఆపేయండి, కాసేపటికి అదే సర్దుకుంటుందని చూస్తూ కూర్చోవద్దు. కొందరు సప్లై లైన్లో 10 ఓంల రెసిస్టర్లు పెడతారు. నాకు బల్బే నమ్మకం. చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ 40 ఓంల దగ్గరుంటుంది, పూర్తిగా వెలిగితే 500 దాటుతుంది. షార్ట్ ఉంటే కరెంటును అదే ఆపుతుంది.

స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. సప్లై వోల్టేజీ అంతా అక్కడ కనిపిస్తే తప్పు ఇంకా ఉంది, స్పీకర్ తగిలిస్తే కాయిల్ కాలిపోతుంది. అంతా సరిగ్గా ఉంటే సరైన ఫ్యూజ్‌తో నేరుగా ఆన్ చేసి, 0.22 ఓంల రెసిస్టర్ మీద 5 మిల్లీవోల్టులు వచ్చేదాకా ప్రీసెట్ మెల్లగా తిప్పండి. అంటే సుమారు 23 మిల్లీ ఆంపియర్లు. మీటర్‌కి క్లిప్పులే వాడండి, చేత్తో పట్టుకున్న ప్రోబ్ జారి పక్క కాలుకి తగిలిందా, పనంతా మళ్లీ మొదటికే. పావుగంట వేడెక్కాక మళ్లీ చూసి సరిచేయండి.

తర్వాత 8 ఓంల పాత స్పీకర్‌తో తక్కువ వాల్యూమ్‌లో ఓ గంట వినండి. మైక్ సెట్ వాళ్లకి ఇచ్చేటప్పుడు, 4 ఓంల ఆంప్లిఫైయర్‌కి 8 ఓంల స్పీకర్లు రెండుకి మించి పక్కపక్కన కలపొద్దని, ఫ్యూజ్‌కి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టొద్దని గట్టిగా చెప్పండి.