షెడ్డు కాలిపోతే ముందు చీపురు పక్కన పెట్టండి

మా నాన్న పెట్టిన వడ్రంగి షెడ్డు ముప్పయ్యేళ్ళు నడిచింది, ఒక్క రాత్రిలో గోడలూ కాలిన రేకులూ మిగిలాయి. పొద్దున్నే మేం చేసిన మొదటి పని ఊడవడం. పక్క షాపుల వాళ్ళు పారలు, గంపలు పట్టుకుని సాయానికొచ్చారు, పాపం మంచి మనసుతోనే, మధ్యాహ్నానికి సగం బూడిద ట్రాక్టరెక్కింది, మాకు రావలసిన బీమా డబ్బులో కొంత కూడా దాంతోపాటే వెళ్ళిపోయిందని, నష్టం లెక్క కట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాక అర్థమైంది. కాలిన మోటారు కళ్ళెదుట ఉంటే ఆయన రాసుకుంటాడు. లేకపోతే "ఇక్కడ ఉండేదండీ" అన్న మన మాటే మిగులుతుంది.

కాబట్టి ఊడవకండి. అసలు లోపలికే వెళ్ళకండి, ఫైర్ వాళ్ళు వెళ్ళొచ్చని చెప్పేదాకా. 101కో 112కో చేసుంటారు కదా, దాంతోపాటు 1912కి ఫోన్ చేసి స్తంభం దగ్గరే కరెంటు తీయించండి, షెడ్డులో మెయిన్ ఆపాం కదా అని ఊరుకోవద్దు. నివురుగప్పిన నిప్పు అని ఊరికే అంటుంటాం గానీ రంపపు పొట్టు గుట్టలో అది అక్షరాలా నిజం, పైన తడిసి నల్లగా ఉంటుంది, లోపల రగులుతూనే ఉంటుంది. మాకు రెండో రోజు సాయంత్రం మళ్ళీ పొగ లేచింది. సిమెంటు రేకులు, కాలి వంగిన ఇనప దూలాలు ఎప్పుడు పడతాయో చెప్పలేం, మేకులు సరేసరి, చెప్పులతో వెళ్ళకండి.

తర్వాత ఫోన్ తీసి గుమ్మం నుంచి మొదలుపెట్టి వీడియో తీయండి, నిదానంగా, మూలమూలా. ఒక్కో మెషిన్‌కీ విడిగా ఫొటో, దాని మీద నంబరు పలక మిగిలుంటే దగ్గరగా ఇంకోటి. కాలిన మీటరు, చెక్కల గుట్ట, పాలిష్ డబ్బాలు, ఏదీ చిన్నది కాదు. పాత ఇనప సామాన్ల వాళ్ళు ఆ రోజే వస్తారు (వాళ్ళకి కబురు ఎలా అందుతుందో దేవుడికే తెలియాలి), కిలో ఇంత అని ఆశ పెడతారు. సర్వేయర్ చూసి సరే అనేదాకా ఒక్క బోల్టు కూడా అమ్మకండి, ఆ తుక్కు విలువ కట్టి క్లెయిమ్‌లోంచి తీసేస్తారు, ముందే అమ్మేస్తే లెక్క మీ మెడకే చుట్టుకుంటుంది.

పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి, ఫైర్ ఆఫీసులో రిపోర్టుకి దరఖాస్తు పెట్టండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి మాత్రం అదే రోజు, ఫోన్‌తో సరిపెట్టకుండా మెయిల్ కూడా. మామూలు ఫైర్ పాలసీలో అయితే 15 రోజుల్లో క్లెయిమ్ రాతపూర్వకంగా ఇవ్వాలని ఉంటుంది. ఎవరు అడిగినా "షార్ట్ సర్క్యూట్ అయ్యుంటుంది" అనేయడం మనకి అలవాటు. తెలియకపోతే తెలియదనే చెప్పండి. చాలా పాలసీల్లో షార్ట్ సర్క్యూట్ అయిన ఆ ఒక్క మెషిన్‌కి డబ్బులు రావు, దాన్నుంచి మంట అంటుకుని కాలిన మిగతా సామాను మాత్రం లెక్కలోకి వస్తుంది, అందుకని ఊహించి చెప్పిన మాట తర్వాత ఇబ్బంది పెడుతుంది.

బిల్లులన్నీ షెడ్డులోనే కాలిపోయాయా? మావీ అంతే. జీఎస్టీ ఉంటే పోర్టల్‌లో 2బీ (మన కొనుగోళ్ళ చిట్టా) చూడండి, రిజిస్ట్రేషన్ ఉన్న వాళ్ళ దగ్గర కొన్నవి అందులో కనిపిస్తాయి. బ్యాంకు స్టేట్‌మెంటు, టింబర్ డిపో వాళ్ళ ఖాతా పుస్తకం, కస్టమర్లకి వాట్సాప్‌లో పంపిన తలుపుల ఫొటోలు కూడా పనికొస్తాయి. ఆ తలుపు వెనక ప్లేనర్ (చెక్క చిత్రిక పట్టే మెషిన్) కనిపిస్తుంటుంది చూడండి, అదే సాక్ష్యం. జాబితా మాత్రం ఒక్కరే కూర్చుని రాయకండి. నేను రాస్తే నలభై వస్తువులు వచ్చాయి, మా పెద్ద మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని "గుమ్మంలోంచి లోపలికి నడుస్తున్నాం, ఎడం పక్క ఏముంది" అని అడుగుతూ పోతే వంద దాటింది, మధ్యలో ఇద్దరం ఏడ్చాం కూడా. కాలిపోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకున్నది) వెనక్కి కట్టాలి, అది మీ ఆడిటర్‌తో మాట్లాడండి.

అసలు దెబ్బ తగిలేది తక్కువకి బీమా చేయించిన చోట. 20 లక్షల సామానుకి 10 లక్షలకే చేయిస్తే, 4 లక్షల నష్టానికి 2 లక్షలే లెక్క కడతారు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో (మొత్తం విలువ 5 కోట్ల లోపు వాళ్ళకి) తేడా 15 శాతం దాకా ఉంటే ఈ కోత పెట్టరు. లోన్ ఉంటే బ్యాంకుకీ చెప్పండి, క్లెయిమ్ డబ్బు ముందు ఆ ఖాతాలోకే వెళ్తుంది. కంపెనీ కాదన్నా, నెల దాటినా బదులు లేకపోయినా, హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, సొంత పేరుతో నడిపే చిన్న వ్యాపారాలు ఫిర్యాదు చేసుకోవచ్చు, ఫీజు లేదు.

కస్టమర్లు ఇచ్చిన టేకు కూడా కాలిపోయుంటుంది. వాళ్ళకి వేరేవాళ్ళు చెప్పకముందే మీరే ఫోన్ చేయండి. ఇతరుల సరుకు పాలసీలో రాయించకపోతే దానికి పైసా రాకపోవచ్చు, మేం మూడు వాయిదాల్లో మా చేతి నుంచే తీర్చాం. ఒకాయన మాత్రం అడ్వాన్స్ అడగకుండా "మా వరండాలో చేసుకోండి" అన్నాడు, అరువు రంపంతో మళ్ళీ పని మొదలైంది అక్కడే.

నాన్న ఉలులు బూడిదలో దొరికాయి, పిడులు పోయి. మంటల్లో పడిన ఉక్కు మెత్తబడిపోతుంది, నూరితే సరిపోదు, కొలిమిలో మళ్ళీ కాల్చి గట్టి చేయించాలి. నాలుగు చేయించాను, రెండు పగుళ్ళిచ్చాయి. తడిసిన మోటార్లని మాత్రం ఆరాయి కదా అని స్విచ్ వేయకండి, ముందు వైండింగ్ చేసేవాళ్ళకి చూపించండి.

ఇప్పటి షెడ్డులో అవిసె నూనె గుడ్డలు ఉండ చుట్టి మూలన పడేయనివ్వను, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, బయట తీగ మీద ఒక్కొక్కటిగా విప్పి ఆరేస్తాం. పొట్టు రోజూ సాయంత్రం బయటికి. నెలనెలా ఒకటో తారీఖున షెడ్డంతా వీడియో తీసి మా ఆవిడ ఫోన్‌కి పంపిస్తాను, ఆవిడ చూడదనుకోండి, కానీ అందులో ఉంటుంది.