ఫౌండేషన్ గ్రాంటుకు దరఖాస్తు: ముందు లెక్క, తర్వాతే రాత

సంఘాల పనులకు ఫౌండేషన్లు (దాతృత్వ సంస్థలు) అప్పుగా కాకుండా సాయంగా ఇచ్చే సొమ్మే గ్రాంటు. దానికి పెట్టే దరఖాస్తులు రాత బాగాలేక వీగిపోయేదానికంటే వర్తించని పథకానికి పంపడం వల్ల, పైన రాసిన మాటకూ కింది బడ్జెట్‌కూ పొంతన లేకపోవడం వల్ల ఎక్కువగా పోతాయి. అందుకే ఫారం తెరవగానే మొదటి గడి నుంచి నింపుకుంటూ పోకండి.

ముందు మార్గదర్శకాల్లో ‘వీటికి ఇవ్వం’ అన్న భాగం చదవండి. ‘వీటికి ఇస్తాం’ అన్నచోట విద్య, ఆరోగ్యం, పర్యావరణం అని విశాలంగా రాసి ఉంటుంది, ఏ సంఘమైనా అందులో పడుతుంది. అసలు సంగతి ఇవ్వనివాటి జాబితాలోనే ఉంటుంది. భవన నిర్మాణం, పాత అప్పులు, వ్యక్తులకు నేరుగా సాయం, మత ప్రచారం, రాజకీయ కార్యక్రమాలు, ఇప్పటికే పెట్టేసిన ఖర్చు అందులో తరచూ కనిపిస్తాయి. చివరిదాంట్లో చాలామంది దెబ్బతింటారు. మంజూరు ఎలాగూ వస్తుందన్న ధీమాతో ముందే సామాను కొంటే ఆ బిల్లు సాధారణంగా చెల్లదు. తర్వాత, గత రెండు మూడేళ్లలో ఆ ఫౌండేషన్ ఎవరికి ఎంత ఇచ్చిందో దాని వార్షిక నివేదికలో చూడండి. మామూలుగా ఇచ్చే మొత్తానికి అయిదింతలు అడిగితే దరఖాస్తు మొదటి వడపోతలోనే ఆగిపోవచ్చు.

కమ్యూనిటీ ఫౌండేషన్ అయితే ఇంకో మెలిక ఉంది. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మొదలైన ఈ పద్ధతిలో ఒక ప్రాంతానికి చెందిన ఎందరో దాతల సొమ్మును ఒకే సంస్థ చూసుకుంటుంది. పేరు ఒకటే అయినా లోపల వేర్వేరు నిధులుంటాయి, ఒక్కోదానికి దాత పెట్టిన షరతులు ఉండొచ్చు. మీ పని ఏ నిధికి సరిపోతుందో రాయబోయే ముందే ఫోన్ చేసి అడగండి. అడిగినంత మాత్రాన చిన్నబోయేదేమీ లేదు.

కాగితాల విషయంలో గొప్ప రహస్యాలేమీ లేవు: రిజిస్ట్రేషన్ పత్రం, నిబంధనావళి, పాలకవర్గ సభ్యుల జాబితా, కిందటేడాది లెక్కలు, సంఘం పేరిట బ్యాంకు ఖాతా. ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకపోతే మంచిది. సంఘం పేరు అన్ని కాగితాల్లోనూ అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూసుకోండి. మంజూరయ్యాక సొమ్ము ఆగిపోయేది ఇలాంటి తేడా దగ్గరే. రిజిస్ట్రేషన్ లేని సంఘాలు, ఫౌండేషన్ ఒప్పుకుంటే, రిజిస్టరైన మరో సంస్థ ద్వారా అడగవచ్చు. కానీ డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో, ఖర్చుకు ఎవరు జవాబుదారో ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

ఇక బడ్జెట్. 30 మందికి కుట్టు శిక్షణ అనుకుందాం. 24 వారాలు, వారానికి 2 తరగతులు, ఒక్కోటి 2 గంటలు. అంటే 48 తరగతులు, 96 గంటల టీచరు వేతనం. 10 మిషన్లు అడిగారు. మిషనుకు ముగ్గురు చొప్పున, ఒక్కొక్కరి చేయి మిషను మీద ఉండేది తరగతికి 40 నిమిషాలే. ఫౌండేషన్ తరఫున దరఖాస్తు చూసే పరిశీలకుడు ఈ లెక్క వేసే అవకాశం ఉంది. 15 మంది చొప్పున రెండు బ్యాచ్‌లు చేస్తే 80 నిమిషాలు దక్కుతాయి, కానీ టీచరు గంటలు 192 అవుతాయి. ఇందులో ఏది ఎంచుకున్నారో, ఎందుకో రాస్తే చాలు, ‘సమగ్ర శిక్షణ’ వంటి మాటలతో పని ఉండదు.

మరచిపోయే ఖర్చులే తర్వాత మెడకు చుట్టుకుంటాయి: మిషన్ల రిపేరు, దారం, నేర్చుకునేవాళ్లు పాడుచేసే గుడ్డ, కరెంటు, బీమా, ఆడిటర్ ఫీజు. ఆఫీసు ఖర్చులకు ఎంత శాతం వరకు ఒప్పుకుంటారో మార్గదర్శకాల్లో చూసి ఆ మేరకు అడగండి, మొహమాటంతో సున్నా వేయకండి. ‘ఇతరాలు’ అన్న పద్దు వద్దు. పెద్ద కొనుగోళ్లకు కొటేషన్లు జతచేయండి, సొమ్ము చేతికొచ్చేలోగా ధరలు పెరగవచ్చని గుర్తుంచుకోండి. ఖర్చులో కొంత మీ సంఘం వాటాగా పెట్టుకోమని అడిగితే, ఉచితంగా దొరికిన హాలు, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల గంటలు లెక్కలోకి వస్తాయేమో కనుక్కోండి. కొన్ని ఫౌండేషన్లు మీరు ఖర్చు చేశాక బిల్లులు చూసి చెల్లిస్తాయి. అలాంటప్పుడు మొదటి మూడు నెలలు దేనితో నడుపుతారో ముందే తేల్చుకోవాలి.

లెక్క కుదిరాక కథనం, అంటే ఏం చేస్తారో, దానివల్ల ఏం జరుగుతుందో చెప్పే భాగం, రాయండి. ‘30 మందికి నేర్పుతాం’ అన్నది పని. ‘శిక్షణ ముగిసిన ఆరు నెలలకు ఎంతమంది కుట్టుమీద సంపాదిస్తున్నారు’ అన్నది ఫలితం. రెండూ అడుగుతారు. ఫలితం చూపాలంటే చేరినరోజే ప్రతి ఒక్కరి సంపాదన రాసిపెట్టుకోవాలి, చివర్లో గుర్తుచేసుకుని రాస్తే నిలవదు. మధ్యలో మానేసేవాళ్లుంటారు కాబట్టి 30 మందీ పూర్తిచేస్తారని మాటివ్వకండి.

ఆన్‌లైన్ ఫారాల్లో అక్షరాల పరిమితిలో ఖాళీలు కూడా లెక్కకు రావచ్చు. జవాబులు వేరే ఫైల్లో రాసుకుని అతికించండి. మీ పని గురించి ఏమీ తెలియని ఒకరికి చదవనిచ్చి, ఎవరికి ఏం చేస్తారో చెప్పమనండి. చెప్పలేకపోతే తిరగరాయండి. గడువుకు రెండు రోజుల ముందే పంపేయండి, ఆఖరి గంటలో సైటు మొరాయిస్తే వినే నాథుడుండడు.

మంజూరయితే ఆ గ్రాంటుకు విడిగా ఒక ఖాతా పుస్తకం పెట్టండి. ఒక పద్దు సొమ్ము ఇంకో పద్దుకు మళ్లించాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. నివేదికలో రాసి సర్దుకుందామంటే కుదరదు. మిగిలిన సొమ్ము సంగతి ఒప్పందంలోనే ఉంటుంది, సంతకానికి ముందు ఆ పేజీ చదవండి. తిరస్కరిస్తే కారణం అడుగుతూ చిన్న ఉత్తరం రాయండి. అందరూ జవాబివ్వరు, ఇచ్చినవాళ్ల మాట వచ్చే విడత దరఖాస్తు పక్కన పెట్టుకోండి.