మెటల్ మ్యూజిక్ కోసం సెకండ్ హ్యాండ్ గిటార్: జిల్లాలో ఉండి కొనేవాళ్లు ఏం చూడాలి

నల్గొండ నుంచి చూసినా పాలమూరు నుంచి చూసినా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. గిటార్ నెక్ (చేత్తో పట్టుకునే పొడవాటి చెక్క) సరిచేసేవాళ్లు, దాని మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్లు సాపు చేసేవాళ్లు దాదాపు అందరూ అక్కడే ఉంటారు. సిటీలో ఉండేవాడు కొంచెం తేడా ఉన్న గిటార్ కొన్నా సాయంత్రం బండేసుకుని పోయి చూపించుకుంటాడు. మనకు మాత్రం అది ఒక రోజు పని, బస్సు చార్జీలు, అక్కడ వదిలేసి వస్తే మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో రోజు. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: ఊళ్లో టీవీ మెకానిక్ దగ్గరో, ఇంట్లో కూర్చుని మనమో బాగుచేసుకోగలిగిన లోపాలు ఎన్ని ఉన్నా పర్వాలేదు, వాటిని చూపించి రేటు తగ్గించుకోవచ్చు. చెక్క, ఫ్రెట్లు, బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే బ్రిడ్జి, ఈ మూడింటిలో తేడా ఉంటే మాత్రం ఎంత చవకగా ఇస్తానన్నా లేచి వచ్చేయండి.

ఆకారం చూసి ఆగం కావొద్దు. వీ షేపు గిటార్ ఫొటోలో మస్తుగా ఉంటుంది, కానీ కుర్చీలో కూర్చుని ప్రాక్టీస్ చేసేటప్పుడు తొడ మీద నిలవక జారుతూనే ఉంటుంది. మొదటి గిటార్‌కి అది అనవసరమైన లొల్లి.

పేర్ల సంగతికొస్తే, మన బడ్జెట్‌లో వెతకాల్సినవి ఐబనెజ్ జియో, ఆర్‌జీ సిరీస్‌లు, జాక్సన్ జేఎస్, ఈఎస్‌పీ వాళ్ల ఎల్‌టీడీ, షెక్టర్ ఒమెన్, కోర్ట్ ఎక్స్, కేఎక్స్. యమహా పసిఫికాను మెటల్ గిటార్ కాదని కొందరు తీసిపారేస్తారు గానీ, 012, 112 మోడళ్లలో బ్రిడ్జి వైపు హంబకర్ ఉంటుంది, అంటే రెండు కాయిల్స్ ఉన్న పికప్ (స్ట్రింగ్ కదలికను పట్టి యాంప్‌కు పంపే భాగం). మెటల్‌కి ముందు కావాల్సింది అదే. మన జిల్లాల్లో ఎలక్ట్రిక్ గిటార్ ఎక్కువగా కనబడేది చర్చి బ్యాండ్లలోనే, అక్కడ వాయించేవాళ్లు గిటార్‌ను జాగ్రత్తగానే చూసుకుంటారు, మార్చేటప్పుడు తెలిసినవాళ్లకే ముందు చెప్తారు. కాబట్టి ఆన్‌లైన్‌లో వెతకడంతో పాటు నాలుగు చర్చిల్లో గిటార్ వాయించే అన్నలకు చెప్పిపెట్టండి.

హంబకర్ ఎందుకంటే, సింగిల్ కాయిల్ పికప్ కరెంటు గుయ్యిమనే శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. మెటల్‌కి యాంప్‌లో గెయిన్ (శబ్దాన్ని పెంచి డిస్టార్షన్ తెచ్చేది) ఎక్కువ పెడతాం, గెయిన్‌తో పాటు ఆ గుయ్యి కూడా పెరుగుతుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురుబొదురుగా కలిసి ఆ శబ్దాన్ని కొట్టేసుకుంటాయి. మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) కాపీ ఎంత చవకగా దొరికినా దీనికి పనికిరాదు. 24 ఫ్రెట్లు ఉండాలా అంటే, ఉంటే మంచిదే, 22 ఉన్నా రిఫ్‌లకు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలకు) ఏ లోటూ రాదు.

చూడటానికి పోయేముందు నాలుగు ఫొటోలు తెప్పించుకోండి: హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలు ఉండే పై కొస) ముందూ వెనకా, నెక్ బాడీలో కలిసే చోటు, మొదటి ఐదు ఫ్రెట్లు దగ్గర నుంచి, సీరియల్ నంబర్. ఇండోనేషియాలో తయారైన ఐబనెజ్‌లకు నంబర్ సాధారణంగా ఐ అక్షరంతో మొదలవుతుంది, ఆ వెంటనే ఉండే రెండు అంకెలు తయారైన సంవత్సరం. "రెండేళ్లే వాడిన అన్నా" అంటూ ఐ09తో మొదలయ్యే నంబర్ పంపితే మాట ఎక్కడ తేడా వస్తుందో మీకే తెలుస్తుంది. చూడకముందే అడ్వాన్స్ పంపమంటే పంపొద్దు, ఎన్ని సార్లు ఫోన్ చేసి తొందరపెట్టినా సరే.

గిటార్ చేతికి రాగానే రిఫ్ మొదలుపెట్టకండి. ముందు ట్యూన్ చేయండి, స్ట్రింగ్స్ వదులుగా ఉంటే నెక్ అసలు వంపు తెలియదు. తర్వాత బాడీ చివర నుంచి నెక్ మీదుగా, వడ్రంగి ఒంటికన్నుతో చెక్క వంకర చూసినట్టు చూడండి. ముందుకు కొద్దిగా వంగి ఉండటం తప్పు కాదు, ఉండాలి కూడా. లావు స్ట్రింగ్ వైపు ఒకలా, సన్న స్ట్రింగ్ వైపు ఇంకోలా వంగి మెలి తిరిగినట్టు కనబడితే అక్కడితో ఆపేయండి. నెక్ లోపలుండే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ నెక్ వంపునే సరిచేస్తుంది, మెలికను సరిచేయదు.

వంపు ఎంతుందో కొలవడానికి పనిముట్లు అక్కర్లేదు. లావు స్ట్రింగ్‌ను ఎడమ చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, కుడి చేత్తో నెక్ బాడీలో కలిసే చోట నొక్కి పట్టండి, ఇప్పుడా స్ట్రింగే మీకు స్కేలు. 7, 8 ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్‌కీ ఫ్రెట్‌కీ మధ్య పల్చటి విజిటింగ్ కార్డు పట్టేంత సందు, అంటే 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు, ఉంటే బాగున్నట్టే. అసలు సందే లేకపోయినా, రూపాయి బిళ్ల దూరేంత ఉన్నా ట్రస్ రాడ్ తిప్పాలి. అప్పుడు అడగాల్సిన మాట: "అన్నా, కీ ఉంటే ఒక్క పావు చుట్టు తిప్పి చూద్దామా?" పనిచేసే రాడ్ అయితే నెక్‌లో కదలిక కనబడుతుంది. రాడ్ నట్టు అంచులు అరిగి కీ జారుతున్నా, ఇప్పటికే చివరిదాకా బిగిసి ఉన్నా ఆ గిటార్ వద్దు. అమ్మేవాడు తిప్పనివ్వనంటే అందులో తప్పేం లేదు, ఆయన భయం ఆయనది, కానీ సందు సరిగ్గా లేని గిటార్‌ను రాడ్ చూడకుండా కొనడం కూడా మన పని కాదు.

ఇక ఫ్రెట్లు. కార్డ్స్ (ఒకేసారి కొట్టే కొన్ని స్వరాలు) ఎక్కువ వాయించిన గిటార్‌కి సన్న స్ట్రింగ్స్ కింద మొదటి మూడు ఫ్రెట్ల మీద గాట్లు పడి ఉంటాయి. సోలోలు వాయించినవాడి గిటార్ అయితే 12 పైన ఉన్న ఫ్రెట్ల నెత్తి చదునుగా అరిగి ఉంటుంది. స్ట్రింగ్ పక్కకు జరిపి ఫ్రెట్ మీద గోరు నడిపించండి, మరక కనబడి గోరు ఆగకపోతే సరే, గోరు గాటులో ఆగిపోతే సాపు చేయించాలి, ఫ్రెట్ ఎత్తే తగ్గిపోయి ఉంటే కొత్తవి వేయించాలి. చవక గిటార్‌కి ఫ్రెట్లు కొత్తగా వేయించడం ఎప్పుడూ గిట్టుబాటు కాదు.

ఆ తర్వాత యాంప్ పెట్టకుండానే ప్రతి స్ట్రింగ్ మీద ప్రతి ఫ్రెట్ ఒక్కొక్కటిగా కొట్టి వినండి. 24 ఫ్రెట్లకు 6 స్ట్రింగ్స్ లెక్కన 144 స్వరాలు, ఎంత మెల్లగా చేసినా పది నిమిషాలు పట్టదు, అమ్మేవాళ్లు కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఎక్కడైనా స్వరం టక్కున చచ్చిపోతుందా, గరగరమంటుందా చూడండి. సన్న స్ట్రింగ్ మీద 12 నుంచి 17 దాకా ఒక్కో ఫ్రెట్ దగ్గర పూర్తి బెండ్ చేయండి, అంటే స్ట్రింగ్‌ను పక్కకు తోసి స్వరాన్ని రెండు ఫ్రెట్లంత పైకి లేపండి. బెండ్ పైకి పోయాక శబ్దం ఆగిపోతే పై ఫ్రెట్లలో ఏదో ఎత్తుగా ఉన్నట్టు, లేదా స్ట్రింగ్స్ మరీ కిందికి దించి ఉన్నట్టు. రెండోదైతే బ్రిడ్జి కొంచెం లేపితే పోతుంది.

నెక్ అంచుల వెంబడి అరచెయ్యి నడిపించడం మరిచిపోవద్దు. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, చెక్క కుంచించుకుంటుంది, ఫ్రెట్ లోహం కుంచించుకోదు, దాంతో ఫ్రెట్ కొసలు బయటికి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. ఇది భయపడాల్సింది కాదు, సన్న ఆకురాయితో తీసేయొచ్చు. అలాగే హెడ్‌స్టాక్ వెనక అడ్డంగానో ఏటవాలుగానో సన్నటి తిన్నని గీత కనబడితే పగులు అనుకోకండి, చాలా గిటార్లలో హెడ్‌స్టాక్ ముక్కను అక్కడ అతికిస్తారు. అసలు పగులు వంకరటింకరగా ఉంటుంది, గోరుకు తగులుతుంది, పాలిష్ కూడా చిట్లి ఉంటుంది.

ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి మీద అందరికీ మోజే. 1970ల చివర్లో ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికన్ గిటారిస్టు చేసిన ఈ బ్రిడ్జిలో స్ట్రింగ్స్ రెండు చివర్లా బిగిసి ఉంటాయి, బ్రిడ్జికి ఉండే ఆర్మ్ (స్వరాన్ని ఊపే కడ్డీ) ఎంత లాగినా ట్యూనింగ్ అంత తొందరగా పోదు. కానీ ఇదంతా బాడీలో ఉన్న రెండు పోస్టుల మీద, వాటిని ఆనుకునే కత్తి అంచుల్లాంటి రెండు కొసల మీద నిలబడుతుంది. చవక గిటార్లలో ఆ కొసల లోహం మెత్తగా ఉండి తొందరగా అరుగుతుంది, అరిగితే ఆర్మ్ వదిలాక ట్యూనింగ్ మొదటి చోటుకు రాదు. పోస్టుల చుట్టూ చెక్క పగిలిందేమో టార్చ్ వేసి చూడండి. ఆర్మ్ బాగా కిందికి నొక్కి వదలండి, పైకి లాగి వదలండి, రెండుసార్లూ ట్యూనర్ చూడండి. ఇంకో తిరకాసు ఉంది: ఈ బ్రిడ్జి స్ప్రింగుల బలానికీ స్ట్రింగ్స్ బలానికీ మధ్య తేలుతుంది, ఒక స్ట్రింగ్ ట్యూనింగ్ దించితే మిగతా ఐదూ మారిపోతాయి. ఒక పాట మామూలు ట్యూనింగ్‌లో, ఇంకోటి శ్రుతి బాగా కిందికి దించే డ్రాప్ సీలో వాయించేవాళ్లకు ఇది నరకం. సోలోల పిచ్చి లేకపోతే కదలని బ్రిడ్జి ఉన్న గిటార్ తీసుకోండి, నా ఓటు దానికే.

ఇప్పుడు యాంప్. ముందు డిస్టార్షన్ లేకుండా క్లీన్‌లో వినండి, డిస్టార్షన్ లోపాలన్నిటినీ కప్పేస్తుంది. వాల్యూమ్ తిప్పితే కరకరలాడటం, పికప్ మార్చే సెలెక్టర్ ఒక పక్క పనిచేయకపోవడం, జాక్ కదిపితే శబ్దం పోయి రావడం, ఇవన్నీ చిన్నవి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతోనో నాలుగు చుక్కల సోల్డరింగ్‌తోనో ఊళ్లోనే పోతాయి, బేరంలో మాత్రం పెద్దవిగా చెప్పండి. తర్వాత గెయిన్ బాగా పెంచి లావు స్ట్రింగ్ మీద పామ్ మ్యూట్ (బ్రిడ్జి దగ్గర అరచెయ్యి అంచు ఆనించి) కొట్టండి. కొట్టి ఆపగానే శబ్దం ఆగాలి. యాంప్‌కు కాస్త దూరంగా ఉన్నా పికప్ ఈలవేసినట్టు కూస్తే, పిక్‌తో దాని మీద తడితే ఆ టకటక స్పీకర్లో గట్టిగా వినబడితే, అందులో కాయిల్ వదులైందని అర్థం. పికప్ మార్చుకోవచ్చు, ఆ ఖర్చు రేటులోంచి తీసేయండి.

గుయ్యి శబ్దం ఎక్కువగా ఉంటే వెంటనే గిటార్‌ను తప్పుపట్టకండి. చాలా పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, వెనక ఎర్త్ వైరే ఉండదు. స్ట్రింగ్స్ మీద చెయ్యి పెట్టగానే గుయ్యి తగ్గితే గిటార్ లోపలి ఎర్త్ వైరు బాగానే ఉంది. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జికి పోయే వైరు ఊడి ఉండొచ్చు, అది కూడా సోల్డరింగ్ పనే. బ్యాటరీతో నడిచే ఈఎంజీ కంపెనీ యాక్టివ్ పికప్‌లు ఉన్న గిటార్‌కి ఈ పరీక్ష వర్తించదు, వాటిలో సాధారణంగా స్ట్రింగ్స్‌కు ఎర్త్ వైరు కలపరు. స్ట్రింగ్స్ ముట్టుకుంటే జిల్లుమని తగిలితే మాత్రం వెంటనే యాంప్ ప్లగ్ తీసేయండి, అది సర్దుకుపోయే విషయం కాదు.

యాక్టివ్ పికప్‌లకు మైకుల్లో వేసే 9 వోల్టుల బ్యాటరీ కావాలి, కాబట్టి ఒకటి జేబులో వేసుకుని పోండి. వెనక మూత తీసి పాత బ్యాటరీ కారి తుప్పు పట్టిందేమో చూడండి. పికప్ మీద ఈఎంజీ అని ఉన్నంత మాత్రాన అది యాక్టివ్ కాదు, హెచ్‌జెడ్ మోడళ్లు బ్యాటరీ లేని పాసివ్ పికప్‌లే. ఈ తేడా రేటులో బాగా కనబడుతుంది.

రేటుకు నా లెక్క సింపుల్. అదే మోడల్ ఇవాళ కొత్తది ఎంతకు దొరుకుతుందో చూసి అందులో 60 శాతం దగ్గర బేరం మొదలుపెట్టండి, 70 దాటితే ఇంకొంచెం కూడబెట్టి కొత్తదే కొనుక్కోవడం నయం. బిల్లు ఉంటే అడిగి తీసుకోండి, ఎవరి సొత్తో తెలియని గిటార్‌తో పోలీస్ స్టేషన్ మెట్లెక్కే టెన్షన్ మనకెందుకు.

బస్సులో తెచ్చేటప్పుడు డిక్కీలో వేయొద్దు, మే నెలలో అయితే అసలే వద్దు. స్ట్రింగ్స్ కొంచెం వదులు చేసి పక్కనే పట్టుకుని కూర్చోండి. ఇంటికొచ్చాక ఒక రోజు అలాగే ఉంచి అప్పుడు కొత్త స్ట్రింగ్స్ వేయండి. కొత్త గిటార్లకు ఎక్కువగా 9-42 సెట్ (సన్న, లావు స్ట్రింగ్స్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వస్తుంది, డ్రాప్ డీ దాకా సరిపోతుంది, డ్రాప్ సీకి దించితే లావు స్ట్రింగ్ బట్టలారేసే దండెంలా ఊగుతుంది. దానికి 10-52 సెట్ వేయండి, 24.75 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా స్ట్రింగ్ పొడవు) ఉన్న లెస్ పాల్ రకం గిటార్ అయితే ఇంకాస్త లావువి కావాలి, 25.5 అంగుళాల వాటికి ఇవి చాలు. లావు స్ట్రింగ్ నెక్ పై కొసన ఉండే నట్ గాడిలోకి పూర్తిగా దిగిందా చూసుకోండి, దిగకపోతే ఓపెన్‌గా ట్యూన్ సరిగ్గా ఉన్నా మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కగానే శ్రుతి పెరిగిపోతుంది. సెట్ మారితే నెక్ మీద లాగుడు మారుతుంది కాబట్టి ఆ విజిటింగ్ కార్డు సందు మళ్లీ చూడండి. ట్రస్ రాడ్ తిప్పాల్సి వస్తే ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పకండి, రాత్రి తిప్పి పొద్దున మళ్లీ చూసి అప్పుడు అవసరమైతేనే ఇంకొంచెం తిప్పండి.