యాప్‌షీట్‌లో చేసిన బిల్లింగ్ యాప్ లెక్క తప్పుతోందా? ముందు షీటు చూడండి

గుంటూరులో ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణాలకు యాప్‌షీట్‌తో బిల్లింగ్ యాప్‌లు చేసి ఇస్తుంటాను. యాప్‌షీట్ అంటే షీటు మీద యాప్ కట్టే గూగుల్ సాధనం. వెనక గూగుల్ షీటు, ముందు గుమాస్తా చేతిలో ఫోను. కోడ్ రాయకుండానే వారం పది రోజుల్లో యాప్ నడక మొదలవుతుంది. సీజన్ ఊపందుకున్నాక ఫోన్లు మొదలవుతాయి: "బిల్లు మారిపోయిందండీ", "తేదీ తప్పు పడుతోందండీ" అని. అలా వచ్చినవాటిలో చాలావాటికి కారణం యాప్ స్క్రీన్లలో దొరకలేదు. షీటులో కాలమ్‌లను మొదటిరోజు ఎలా పెట్టామో అక్కడే దొరికింది. అందుకే ఎవరు అడిగినా ముందు షీటు తెరవమంటాను.

ఏది ముట్టుకునే ముందైనా రెండు పనులు చేయండి. యాప్ వాడేవాళ్లందరి చేతా సింక్ కొట్టించండి. సింక్ గుర్తు మీద అంకె కనిపిస్తే ఆ ఫోనులో ఇంకా పైకి ఎక్కని బిల్లులు ఉన్నట్టు. ఆ అంకె పోయాక షీటుకు ఒక కాపీ తీసి, తేదీ పేరుతో దాచండి. ఈ రెండూ చేయకుండా రిపేరు మొదలుపెట్టొద్దు. కాపీ లేకపోతే ఇక్కడ చెప్పిన పరిష్కారాల్లో కొన్ని ఉన్న డేటాని ఇంకా పాడు చేస్తాయి.

సమస్య: ఎప్పుడో కట్టేసిన పాత బిల్లు మొత్తం ఇప్పుడు మారిపోయింది

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే వెంటనే ఎవరికీ తెలియదు. ఒక దుకాణంలో జరిగింది చెప్తాను. 18 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి, తూకం 765 కిలోలు. ఆ రోజు రేటు క్వింటాలుకు 14,200. బిల్లు 1,08,630 రూపాయలు, పార్టీ డబ్బు కట్టేశాడు. మూడు వారాల తర్వాత లారీ నంబరులో ఒక అంకె తప్పు పడిందని గుమాస్తా ఆ బిల్లు తెరిచి, నంబరు దిద్ది సేవ్ చేశాడు. అప్పటికి రేటు 15,000 అయింది. బిల్లు 1,14,750కి మారి, పార్టీ ఖాతాలో 6,120 బాకీ చూపించింది. "డబ్బులన్నీ కట్టాను కదయ్యా, మళ్లీ ఈ బాకీ ఏంటి?" అని ఆయన ఫోన్ చేసేదాకా దుకాణంలో ఎవరికీ తెలియదు.

కారణం: బిల్లు టేబుల్‌లో (యాప్‌షీట్ ఒక్కో షీటుని టేబుల్ అంటుంది) రేటు కాలమ్‌కి 'యాప్ ఫార్ములా' పెట్టడం. రేట్ల టేబుల్ నుంచి ఈ రోజు రేటు తెచ్చే లెక్క అందులో ఉంది. యాప్ ఫార్ములా ఒక్కసారి లెక్కేసి ఊరుకోదు. ఆ వరుసని ఎవరు ఎడిట్ చేసినా, ఏ కాలమ్ దిద్దినా, మళ్లీ లెక్కేస్తుంది.

పరిష్కారం: రేటు తెచ్చే లెక్కని యాప్ ఫార్ములా గడిలోంచి తీసి 'ఇనిషియల్ వాల్యూ' గడిలో పెట్టండి. ఇది కొత్త బిల్లు పుట్టేటప్పుడు మాత్రమే పనిచేస్తుంది. ఫారంలో రకం ఎంచుకోగానే దానికి తగ్గ రేటు వస్తుంది, సేవ్ అయ్యాక కదలదు. అదే కాలమ్ సెట్టింగ్స్‌లో ఉండే 'రీసెట్ ఆన్ ఎడిట్' ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి, అది ఆన్‌లో ఉంటే మళ్లీ పాత కథే. తూకాన్ని రేటుతో గుణించే మొత్తానికి యాప్ ఫార్ములా ఉండొచ్చు, రెండూ స్థిరంగా ఉన్నాయి కాబట్టి ఎన్నిసార్లు లెక్కేసినా జవాబు ఒకటే.

కొందరు యాప్‌లో కాకుండా షీటులోనే వీలుకప్ (VLOOKUP, వేరే షీటులో వెతికి విలువ తెచ్చే ఫార్ములా) పెట్టి రేటు తెస్తారు. అది ఇంకా చెడ్డది. ఎవరూ బిల్లు తెరవక్కర్లేదు, రేట్ల షీటులో అంకె మార్చగానే పాత బిల్లులన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. ఆ కాలమ్‌ని వెంటనే కాపీ చేసి, అక్కడే విలువలుగా పేస్ట్ చేసి ఫార్ములా తీసేయండి.

ఇప్పటికే మారిపోయిన బిల్లుల్ని షీటు వెర్షన్ హిస్టరీలో వెనక్కి వెళ్లి పట్టుకోవాలి. షీటు మొత్తాన్ని రీస్టోర్ చేయొద్దు, మధ్యలో వేసిన బిల్లులు పోతాయి. పాత వెర్షన్‌ని కాపీగా తీసి, రేటు కాలమ్‌లు రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నవి మాత్రం దిద్దండి.

సమస్య: ఒక పార్టీ పేరు నొక్కితే ఇంకొకరి బిల్లులు వస్తున్నాయి

కారణం దాదాపు ఎప్పుడూ 'కీ'. ప్రతి టేబుల్‌లో ఏ వరుస ఏదో గుర్తుపట్టడానికి యాప్‌షీట్‌కి ఒక కీ కావాలి. తగిన కాలమ్ కనబడకపోతే అది వరుస సంఖ్యనే కీగా తీసుకుంటుంది. ఎవరో షీటు తెరిచి పేర్లని అక్షర క్రమంలో పెట్టారనుకోండి, లేదా మధ్యలో ఒక వరుస తీసేశారనుకోండి. నిన్న 41వ వరుసలో ఉన్న పార్టీ ఈరోజు 40లో ఉంటాడు. బిల్లు మాత్రం "నా పార్టీ 41" అనే పట్టుకుని కూర్చుంటుంది.

పేరునే కీగా పెట్టినా ఇబ్బందే. మన దగ్గర ఒక్క దుకాణంలోనే ముగ్గురు శ్రీనివాసరావులు ఉంటారు. ఫోన్ నంబరు నయమనిపిస్తుంది గానీ ఆ పార్టీ సిమ్ మార్చిన రోజు తల పట్టుకోవాలి.

కొత్త యాప్ అయితే పరిష్కారం సులువు. ప్రతి షీటులో మొదటి కాలమ్‌గా ఒక ఐడీ పెట్టి, దాని ఇనిషియల్ వాల్యూలో యునీక్‌ఐడీ ఫంక్షన్ రాసి, దాన్ని కీ చేయండి. ఎనిమిది అక్షరాల గుర్తు దానంతట అదే పడుతుంది. వాడేవాళ్లకి అది కనబడక్కర్లేదు.

నడుస్తున్న యాప్ అయితే వరుస తప్పకుండా చేయాలి. దుకాణం కట్టేశాక, ఫోన్లన్నీ సింక్ అయ్యాక మొదలుపెట్టండి. పార్టీల షీటులో ఐడీ కాలమ్‌ని చివర్న చేర్చి, ప్రతి వరుసకీ వేరువేరు గుర్తు నింపండి. తర్వాత బిల్లుల షీటుకి రండి. అక్కడ పార్టీ కాలమ్‌లో ఉన్నవి పాత వరుస సంఖ్యలు, వాటి బదులు కొత్త ఐడీలు రావాలి. పార్టీల షీటులో ఐడీకి ముందు కాలమ్‌లో వరుస సంఖ్యలు రాసుకుని దీనికి వీలుకప్ వాడుకోండి, కానీ పని కాగానే విలువలుగా పేస్ట్ చేయండి. ఐడీ కాలమ్‌లో ఫార్ములా ఎప్పుడూ మిగలకూడదు. అప్పుడు యాప్‌షీట్ ఎడిటర్‌లో ఆ టేబుల్‌ని రీజనరేట్ చేసి (షీటు కాలమ్‌లని మళ్లీ చదివించి) కీ మార్చండి. పది పార్టీల పేర్లు నొక్కి, వాళ్ల బిల్లులే వస్తున్నాయని కళ్లతో చూసుకున్నాకే మర్నాడు దుకాణానికి ఇవ్వండి. షీటులో వరుసలు ఇంతకుముందే కలగాపులగం అయిపోయి ఉంటే ఈ పద్ధతి తప్పునే శాశ్వతం చేస్తుంది. అలాంటప్పుడు కాగితం బిల్లులతో ఒక్కొక్కటి సరిచూడటం తప్ప దారి లేదు.

సమస్య: మే నెల బిల్లు డిసెంబరులో కనిపిస్తోంది

12/05 అని కొట్టిన బిల్లు డిసెంబరు 5కి వెళ్లింది. 25/05 అని కొట్టింది ఏ నెల రిపోర్టులోనూ లేదు. షీటు అమెరికా పద్ధతిలో ఉంది, అక్కడ నెల ముందు, రోజు తర్వాత. 25వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాక అక్షరాలుగా తీసుకుంది. షీటులో తేదీలు కొన్ని కుడివైపుకీ కొన్ని ఎడమవైపుకీ జరిగి ఉంటే ఇదే రోగం.

షీటు సెట్టింగ్స్‌లో లొకేల్‌ని (ఏ దేశం పద్ధతో చెప్పేది) ఇండియాగా మార్చండి. యాప్‌షీట్‌లో ప్రతి టేబుల్‌కీ విడిగా లొకేల్ ఉంటుంది, అవీ అన్నీ మార్చాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ఇంకో రకంగా తప్పుతుంది.

ఇంతటితో పాత తేదీలు బాగుపడవు. డిసెంబరు 5గా నిలిచిపోయింది లొకేల్ మార్చాక కూడా డిసెంబరు 5గానే ఉంటుంది, రాసే తీరు మాత్రం మారుతుంది. ఒక ఊరట ఏమిటంటే, రోజు 12 లోపు ఉన్న తేదీల్లోనే ఈ తారుమారు జరగగలదు. 13 నుంచి ఉన్నవి అక్షరాలుగా మిగిలాయి కాబట్టి ఎడమవైపున కనబడుతూనే ఉంటాయి. 12 లోపువాటిని బిల్లు నంబరు వరుసలో పెట్టి చూడండి. ముందు బిల్లు, తర్వాత బిల్లు మేలో ఉండి మధ్యది డిసెంబరులో ఉంటే అది తప్పు తేదీ.

సమస్య: హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ మొదట్లో సున్నా పోయింది

హెచ్‌ఎస్‌ఎన్ అంటే జీఎస్టీ బిల్లు మీద సరుకు ఏ రకమో తెలిపే కోడ్. ఎండుమిర్చికి అది 0904. బిల్లు మీద 904 అని వస్తోందంటే షీటు దాన్ని సంఖ్య అనుకుంది. షీటులో ఆ కాలమ్‌ని ప్లెయిన్ టెక్స్ట్ చేయండి, యాప్‌లో టెక్స్ట్ రకం చేయండి, కోడ్ మళ్లీ కొట్టండి. 334, 341 లాంటి మిర్చి రకాల పేర్లకీ ఇదే మందు. కూడికలు, గుణకారాలు చేయని అంకె ఏదైనా టెక్స్ట్‌గానే ఉండాలి.

సమస్య: రెండు బిల్లులకి ఒకే నంబరు

రెండు కౌంటర్లు, రెండు ఫోన్లు. "ఉన్నవాటిలో పెద్ద నంబరుకి ఒకటి కలుపు" అని బిల్లు నంబరుకి లెక్క పెట్టాం. గోదాములో సిగ్నల్ లేదు. రెండు ఫోన్లలోనూ చివరి బిల్లు 146గా ఉంది కాబట్టి రెండూ 147 వేశాయి. సిగ్నల్ బాగున్నా, ఒకరు సేవ్ చేసి ఇంకొకరు సింక్ చేసే ఆ కాస్త వ్యవధిలో ఇది జరుగుతుంది. ఫార్ములాని ఎంత తిప్పి రాసినా పోదు, ఎందుకంటే పక్క ఫోనులో ఏముందో ఈ ఫోనుకి తెలియదు. దీనికోసం కొందరు రాత్రంతా ఫార్ములాలతో కుస్తీ పట్టడం చూశాను, మనసుకి కష్టమనిపించింది.

జవాబు జీఎస్టీ నిబంధనల్లోనే ఉంది. 46వ నిబంధన ప్రకారం బిల్లు నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. అయితే ఒకటికి మించి సిరీస్‌లు వాడుకోవచ్చని కూడా అందులోనే ఉంది. కాబట్టి ప్రతి ఫోనుకీ ఒక సిరీస్ ఇచ్చేయండి. కౌంటరు గుర్తుకి 2 అక్షరాలు, 25-26 అని ఏడాదికి 5, సంఖ్యకి 4, మధ్యలో గీతలు 2, మొత్తం 13. ఎవరు లాగిన్ అయ్యారో ఆ ఈమెయిల్‌ని బట్టి కౌంటరు గుర్తు రావాలి, పెద్ద నంబరుని ఆ సిరీస్‌లోనే వెతకాలి. ఒక సిరీస్ ఒక్క ఫోనులోనే నడిస్తే ఢీకొనడం ఉండదు. ఒకే లాగిన్‌ని ఇద్దరికి ఇచ్చారా, మళ్లీ మొదటికొస్తుంది.

దీంతోపాటు బిల్లుల టేబుల్‌కి డిలీట్ హక్కు తీసేయండి. తప్పు బిల్లుకి 'రద్దు' అని స్టేటస్ పెట్టే ఏర్పాటు చేయండి. చివరి బిల్లు చెరిపేస్తే అదే నంబరు తర్వాతి పార్టీకి వెళ్తుంది, మొదటి పార్టీ చేతిలో ఆ నంబరు కాగితం ఉండనే ఉంటుంది.

సమస్య: సింక్‌కి నిమిషాలు పడుతోంది

మొదట్లో చకచకా నడిచిన యాప్ సీజన్ మధ్యకొచ్చేసరికి నత్తనడక నడుస్తుంది. ముందు వర్చువల్ కాలమ్‌లు (షీటులో లేకుండా యాప్ లోపలే లెక్కతో వచ్చేవి) చూడండి. ప్రతి పార్టీకీ బాకీ లెక్కేసే కాలమ్ ప్రతి సింక్‌లోనూ బిల్లులన్నీ తిరగేస్తుంది. వాడనివి తీసేయండి.

తర్వాత డేటా తగ్గించాలి. ఇక్కడ చాలామంది స్లైస్ (టేబుల్‌లో కొన్ని వరుసలే చూపించే ఏర్పాటు) పెట్టి పనైపోయిందనుకుంటారు. స్లైస్ చూపించేదాన్ని తగ్గిస్తుంది, ఫోనుకి వచ్చేదాన్ని కాదు. ఫోనుకి వచ్చేదాన్ని తగ్గించేది సెక్యూరిటీ ఫిల్టర్. ఒక గుమాస్తా ఖాతాలు ఇంకొకరికి తెలియకూడదన్నా అదే వాడాలి.

ఫిల్టర్‌లో ఒక గొయ్యి ఉంది, జాగ్రత్త. "గత 90 రోజుల బిల్లులు" అని పెడితే అంతకు ముందరి బాకీలు కూడికలోంచి మాయమవుతాయి, పార్టీ బాకీ తక్కువ చూపిస్తుంది. "బాకీ ఉన్నవి, లేదా గత 90 రోజులవి" అని పెట్టండి. సీజన్ కాని నెలల్లో 90 రోజులు బిల్లే పడకపోతే పెద్ద నంబరు కూడా కనబడక సిరీస్ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది, కాబట్టి ఈ ఆర్థిక సంవత్సరం మొత్తాన్ని ఉంచడం ఇంకా క్షేమం.

సమస్య: బిల్లు మెయిల్ పార్టీకి వెళ్లడం లేదు, నాకే వస్తోంది

యాప్ ఇంకా ప్రోటోటైప్‌లోనే, అంటే పరీక్ష దశలోనే ఉంది. డిప్లాయ్ చేసేదాకా (అసలు వాడకానికి విడుదల చేసేదాకా) బాట్ మెయిళ్లు, అంటే యాప్ దానంతట అదే పంపేవి, యాప్ చేసినవాళ్లకే వెళ్తాయి. డిప్లాయ్ చేశాక కూడా వెళ్లకపోతే, ఆ బిల్లుని యాప్‌లో కాక షీటులో నేరుగా కొట్టారేమో అడగండి. అలా కొట్టినదాన్ని మామూలుగా బాట్ పట్టించుకోదు.

సమస్య: నిన్నటిదాకా నడిచిన యాప్ పొద్దున్నే కాలమ్‌లు సరిపోలడం లేదంటోంది

రాత్రి ఎవరో షీటులో కాలమ్ చేర్చారు, లేదా పేరు మార్చారు. పాత పేరు పెట్టేస్తే అప్పటికప్పుడు నడుస్తుంది. కొత్త కాలమ్ నిజంగా కావాలంటే టేబుల్‌ని రీజనరేట్ చేసి, రకాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి.

ఇది పదే పదే అవుతోందంటే షీటు లింకు చాలామంది దగ్గర ఉందన్నమాట. యాప్‌షీట్ మామూలుగా యాప్ చేసినవారి ఖాతాతోనే షీటుని తెరుస్తుంది, కాబట్టి గుమాస్తాలకి షీటు షేర్ చేయనే అక్కర్లేదు. షేర్ బటన్ నొక్కి చూడండి. మీ పేరు, యజమాని పేరు కాక అక్కడ ఇంకెవరున్నా తీసేయండి. "లింకు ఉన్నవారెవరైనా" అని ఉంటే దాన్నీ మూసేయండి.